నాలుగు ముక్కల మధ్య అద్దం

ముందే చెబుతున్నాను, ఇది గొప్పలు చెప్పుకునే వ్యాసం. ఉద్యోగమంతా కుట్టుపని నేర్పి రిటైరైన మనిషిని. ఎందరో అమ్మాయిలకు జాకెట్టు చంక తిప్పడం నేర్పాను, కాజాలు కుట్టడం నేర్పాను, వంకరగా కుట్టినవాళ్ల చేత విప్పించి ఏడిపించాను. వాటి గురించి ఎవరూ అడగరు, నేనూ చెప్పను. బాన్సువాడలో మేం చేసిన ఒక మంచం దుప్పటి గురించి మాత్రం అడక్కపోయినా చెబుతాను. కొత్తగా కుట్టు టీచర్లుగా చేరిన అమ్మాయిలు మా ఇంటికి వస్తే వాళ్లకూ చెప్పాను. మర్యాద కొద్దీ కూర్చుని విన్నారు. మీరు చదువుతున్నారు కనుక మధ్యలో లేచిపోయినా నాకు తెలియదు, ఆ సదుపాయం మీకుంది.

అప్పటికి డెబ్బైల దశకం సగం దాటింది. బాన్సువాడలో ఆడవాళ్ల కోసం సర్కారు నడిపే కుట్టు శిక్షణ కేంద్రానికి నన్ను టీచరుగా వేశారు. కేంద్రం అంటే భవనం అనుకోకండి. బస్టాండు వెనక గల్లీలో ఒక కిరాయి ఇల్లు. ముందు పొడవాటి వసారా, లోపల కాలితో తొక్కే మిషన్లు కొన్ని, బట్ట కత్తిరించే బల్ల, నాలుగు పొట్టి బెంచీలు. నేను నిజామాబాదులో పుట్టి హైదరాబాదులో శిక్షణ పొందినదాన్ని. గీత తిన్నగా లేకపోతే నాకు అన్నం సయించదు. అమ్మాయిలు చాటుగా నన్ను స్కేలు టీచరు అనుకునేవారు. ఆ పేరు విని కోపం వచ్చినట్టు నటించేదాన్ని గానీ లోలోపల నాకు బాగానే ఉండేది.

నిజాంసాగర్ కాలువ కింద భూములు కొనుక్కుని గోదావరి వైపు నుంచి వచ్చినవాళ్ల ఊళ్లను అక్కడ క్యాంపులు అంటారు. అలాంటి ఒక క్యాంపు నుంచి ఒక పెద్దావిడ కోడలిని వెంటబెట్టుకుని వచ్చేది. కోడలు లోపల మిషను నేర్చుకుంటుంటే ఆవిడ వసారాలో ఒక చివర చాప వేసుకుని లేసు అల్లేది. అందరూ ఆవిడను క్యాంపు అత్త అనేవాళ్లు. ఒక సన్నటి కొక్కెం సూది, ఒక తెల్ల దారపు ఉండ, అంతే ఆవిడ సరంజామా. చూపు మన మీదే ఉండేది, చేతులు వాటి పని అవి చేసుకుపోయేవి. ఎప్పుడో వాళ్ల నాయనమ్మకు దొరసానులు నేర్పారట ఆ అల్లిక. ఆవిడ పుట్టిన ఊళ్లో ప్రతి అరుగు మీదా అదే పనట. గళ్లు గళ్లుగా అల్లుకుంటూ పోయి, కొన్ని గళ్లు నింపి కొన్ని ఖాళీగా వదిలేస్తే ఆ నింపిన గళ్లే పువ్వో, మెట్లో, వజ్రమో అయ్యేవి.

వసారా రెండో చివర తండా నుంచి వచ్చిన ఒకామె కూర్చునేది. ఆమె కూడా తోడుగా వచ్చిన మనిషే. కూతురు మా దగ్గర మిషను నేర్చుకుంటోంది. ఆమెను తండా అక్క అనేవాళ్లం. ఎర్ర నేత గుడ్డ మీద పసుపు, నీలం, తెలుపు దారాలతో కుట్టేది. గుడ్డ మీద ముందుగా గీసుకోవడం, అచ్చు వేసుకోవడం ఏమీ లేదు. గోటితో పోగులు లెక్కపెట్టుకుంటూ సూది దించేది. అవ్వ కాలం నాటి సంచి ఒకటి ఎప్పుడూ ఆమె ఒళ్లో ఉండేది. దాని మీద త్రికోణాలు, మెట్లు, వజ్రాలు, మధ్యమధ్య అద్దాలు. రంగులు వెలిసినా ఒక్క కుట్టూ ఊడలేదు.

ఈ ఇద్దరికీ పడేది కాదు. కొట్లాడుకునేవారని కాదు, వసారాకు ఆ కొస ఒకరు, ఈ కొస ఒకరు కూర్చుని ఒకరి పనిని ఒకరు దెప్పుకునేవారు. ఎర్ర గుడ్డ మీద నీలం దారం చూస్తే తనకు తలనొప్పి వస్తుందని అత్త నాతో అనేది, తండా అక్కకు వినబడేంత గట్టిగా. గింత కష్టపడి అల్లి రంగు వేయడం మరిచిపోయిందేమో అడుగు టీచరమ్మ అని తండా అక్క అనేది. ఇద్దరి మధ్యా రాయబారం నడపడం నా ఉద్యోగంలో రాయని భాగం.

అయితే ఇద్దరి పనినీ రోజూ చూస్తున్న నాకు ఒకటి తట్టింది. ఇద్దరూ వేసేది ఒకే బొమ్మ. లెక్కపెట్టి కుట్టే పని ఏ దేశానిదైనా, ఏ కాలానిదైనా, ఏటవాలు గీతను గీతగా గీయలేదు. ఒక గడి పక్కకు, ఒక గడి పైకి, ఇలా మెట్లు కట్టుకుంటూ ఎక్కాల్సిందే. అత్త తెల్ల మెట్లు, తండా అక్క రంగు మెట్లు పక్కపక్కన పెడితే అక్కాచెల్లెళ్లలా ఉన్నాయి. ఈ సంగతి ఇద్దరికీ చెప్పాను. ఇద్దరికీ నచ్చలేదు.

అలా ఉండగా పై నుంచి ఒక ఆఫీసరమ్మ జీపులో వచ్చింది. మిషన్లు చూసింది, మేం కుట్టిన జాకెట్లు, లంగాలు చూసింది, మంచినీళ్లు తాగింది. జాకెట్లు ప్రతి ఊళ్లోనూ కుడతారు, ఇంత చిన్న ఊళ్లో కేంద్రం ఎందుకు, మిషన్లన్నీ జిల్లా కేంద్రానికి తరలిస్తే సరిపోతుంది కదా అని పైవాళ్ల ఆలోచన అని చల్లగా చెప్పింది. నేను ఊరుకోలేదు. మా దగ్గర చేతిపని ఉంది, చూడమన్నాను. ఆవిడ నవ్వి, "అయితే బాన్సువాడలో తప్ప ఇంకెక్కడా దొరకనిది ఒక్కటి చూపించండి. వచ్చే నెల మళ్లీ వస్తాను" అంది.

జీపు వెళ్లాక తండా అక్క నా దగ్గరికొచ్చి నిలబడింది. ఆమె మాటలు మాత్రం నాకు అక్షరం పొల్లు పోకుండా గుర్తున్నాయి. "టీచరమ్మ, మిషన్లు ఇక్కడికెళ్లి పోతే నా బిడ్డ పని ఆగినట్టే. గంత దూరం నేనెట్ల పంపుత? మల్ల నాట్లకే పోతది. దాని చేతికి మిషను పని వస్తదని తండాల అందరికీ చెప్పుకున్న."

ఆ పిల్ల అప్పటికి కాలరు తిప్పడం దాకా వచ్చింది. తొక్కుడు మీద కాలు పెడితే మిషను దాని మాట వినేది. ఇంకొన్ని నెలలు ఉంటే సర్టిఫికెట్టు చేతికొచ్చేది. ఆ రోజు నుంచి నాకు ఆఫీసరమ్మ కాదు, ఈ పిల్ల కాలే కనబడేది.

ఆఫీసు గుమస్తా ఒకాయన ఉండేవాడు, మా కేంద్రం లెక్కలు ఆయనే చూసేవాడు. మంచివాడే, కానీ ప్రతిదానికీ అడ్డదారి ఒకటి ఆయన దగ్గర ఉండేది. "ఫికర్ ఎందుకు టీచరమ్మ? పట్నంల ఫస్టు క్లాసు టేబుల్ బట్ట ఒకటి కొనుక్కొస్త. మనదే అని చూపెడదాం" అన్నాడు. ఆయన మీద నేను లేచిన తీరు గల్లీ చివరి పాన్ డబ్బా దాకా వినబడిందట. మా ఊరి చేతులు మా దగ్గర ఉండగా పట్నం సరుకు నాకెందుకు?

నా ఉపాయం ఇది. చతురస్రపు ముక్కలు, వాటిలో సగం ముక్కలు తెల్ల లేసు, సగం ముక్కలు ఎర్ర గుడ్డ మీద కుట్టు. ప్రతి ముక్కలోనూ ఒక మూల నుంచి ఎదుటి మూలకు ఒకే మెట్ల వరస. నాలుగు ముక్కలను ఒక్కో మలుపు తిప్పుకుంటూ, లేసు పక్కన కుట్టు, కుట్టు పక్కన లేసు వచ్చేలా కలిపితే నాలుగు మెట్ల వరసలూ చుట్టూ కలిసి ఒక పెద్ద వజ్రం అవుతుంది. అలాంటి వజ్రాలు మంచం నిండా. గళ్ల కాగితం మీద స్కేలు పెట్టి గీసి చూపించాను. నా గీత చూసి నాకే ముచ్చటేసింది.

ఒప్పించడానికి నాకు తల ప్రాణం తోకకు వచ్చింది. తెల్ల లేసును ఎర్ర గుడ్డ పక్కన పెడితే మొదటి ఉతుకుకే రంగు అంటుకుంటుందని అత్త పట్టు పట్టింది. గుడ్డను ముందే ఉప్పునీళ్లలో నానబెట్టి ఉతికిచ్చాను. తెల్లగా ఉన్నదాని పక్కన నా కుట్టు పెడితే నా కుట్టు ఏడుస్తుందని తండా అక్క అంది. అప్పుడు నేను మిషన్ల మాట ఎత్తాను. లోపల ఆమె కూతురు మిషను తొక్కుతున్న చప్పుడు వసారాలోకి వినబడుతోంది. ఎన్ని ముక్కలు కావాలని ఇద్దరూ ఒకేసారి అడిగారు. క్యాంపులో ఆడవాళ్లు లేసు ముక్కలు, తండాలో ఆడవాళ్లు గుడ్డ ముక్కలు ఇళ్ల దగ్గరే చేసి తేవాలని అనుకున్నాం. నేను పెట్టిన నియమం ఒక్కటే, అడ్డం ఎన్ని గళ్లో నిలువూ అన్నే.

ఇక్కడే ఉంది అసలు తమాషా. ఎవరూ టేపు పెట్టలేదు. లేసుకు టేపు పెట్టడం అంటే క్యాంపు ఆడవాళ్లకు చేతిని అనుమానించడం. తండాలో అయితే టేపే లేదు, గోరుంది. ఇక నేను, నా గళ్ల కాగితంలో గళ్లు సమానమైతే చతురస్రమే కదా అని ధీమాగా ఉన్నాను. కానీ ఆ లేసులో గడి అడ్డం కన్నా నిలువు కాస్త పొడుగు. నేత గుడ్డలో ఒక వైపు పోగులు దట్టం, ఇంకో వైపు పల్చన, కాబట్టి సమానంగా లెక్కపెట్టి కుట్టినా ఒక వైపు సాగుతుంది. ఎవరి లెక్కా తప్పలేదు, ఉండాల్సిన కొలతే లేదు.

ముక్కలన్నీ వచ్చిన రోజు వాటిని లోపలి గదిలో నేల మీద పరిచాం. నాలుగు ముక్కలు తిప్పి పెట్టాను. మూలలు కలవలేదు. ఒక మూల కలిపితే ఇంకోటి విడిపోతోంది. చేత్తో లాగి గుండుసూదులు గుచ్చితే మధ్యలో ఎండలో వేసిన అప్పడంలా పైకి లేచింది. ఏ నాలుగు తీసుకున్నా అంతే. అన్ని ముక్కలూ అచ్చం ఒకేలా, ఒకే మేర పొడుగు. లేసు, గుడ్డ రెండూ దాదాపు ఒకటే, ఆ కాస్త తేడా గుడ్డ అంచు మడిస్తే పోతుంది. అందరూ ఒకే తప్పు అంత శ్రద్ధగా చేయడం నేను మళ్లీ ఎప్పుడూ చూడలేదు.

అత్త తండా గుడ్డ వైపు చూసింది, తండా అక్క లేసు వైపు చూసింది. తర్వాత జరిగినదాన్ని నేను రాయను, ఇద్దరూ పెద్దమనుషులు. గోదావరి యాసలోనూ మా యాసలోనూ, అవి చాలనప్పుడు తండా భాషలోనూ ఒకరి అల్లికనొకరు తూర్పారబట్టారు. ఆఫీసరమ్మ వచ్చేది ఎల్లుండి. విప్పి మళ్లీ అల్లడానికి వ్యవధి లేదు. గుమస్తా గుమ్మంలో నిలబడి పట్నం బస్సు సాయంత్రం ఉందని మెల్లగా గుర్తు చేశాడు. తండా అక్క కూతురు మిషను ముందు కూర్చుంది గానీ తొక్కడం లేదు.

ఏడవడం నా అలవాటు కాదు. అన్నాలు తినండి అని అందరినీ బయటికి పంపాను. మామూలుగా క్యాంపు వాళ్లు లోపల, తండా వాళ్లు వసారాలో తినేవారు. ఆ రోజు లోపల నేలంతా ముక్కలు. అమ్మాయిలు నాలుగు పొట్టి బెంచీలూ వసారాలోకి తెచ్చి, ఒక బెంచీ కొస ఇంకో బెంచీ పక్కకు ఆనించి, చుట్టూ తిప్పి వేశారు. మధ్యలో మిగిలిన జాగాలో స్టూలు పెట్టి దాని మీద అత్త ఆవకాయ జాడీ పెట్టారు. నేను అన్నం కలుపుకుంటూ ఆ జాడీ వైపే చూస్తున్నాను.

బెంచీ చతురస్రం కాదు. అడ్డం తక్కువ, పొడుగు ఎక్కువ. అయినా నాలుగూ ఒకదానికొకటి ఎంత చక్కగా అతుక్కున్నాయి. ఎక్కడా ఎగుడుదిగుడు లేదు, బయటి గీత నాలుగు వైపులా సమానంగా ఉంది. మూలలు మధ్యలో కలవాలని ఎవరూ వాటిని బలవంతం చేయలేదు. మిగిలిన జాగా మధ్యకొచ్చింది, అక్కడ ఆవకాయ కూర్చుంది.

కలిపిన ముద్ద కంచంలోనే వదిలేసి లోపలికి పరిగెత్తాను. చేయి కూడా కడగలేదు, ఎడం చేత్తో ముక్కలు జరిపాను. మొదటి ముక్క పొట్టి వైపు రెండో ముక్క పొడుగు వైపుకు ఆనించి, దాని పొట్టి వైపు మూడోదానికి, అలా నాలుగూ తిప్పాను. అతుక్కున్నాయి. మధ్యలో బొటనవేలు పట్టేంత నలుచదరపు ఖాళీ. అంతకన్నా వింత, మెట్ల వరసలు నాలుగూ కొసలు కలుపుకున్నాయి. వజ్రం వచ్చింది. నేను గీసిన వజ్రంలా నిటారుగా కాకుండా కొద్దిగా ఒరిగి, తిరుగుతున్నట్టుంది. నా కాగితం మీద బొమ్మ దీని ముందు వెలవెలబోయింది. నేనే కనిపెట్టాను. ఈ మాట చెప్పుకోవడానికే ఇంత దూరం తీసుకొచ్చాను మిమ్మల్ని.

అందరూ ఎంగిలి చేతులతో వచ్చి చుట్టూ నిలబడ్డారు. మరి ఈ బొక్క సంగతేమిటని గుమస్తా అడిగాడు. తండా అక్క వంగి చూసి, తన ఒళ్లో సంచి తిప్పి, దాని మీద అద్దం నాకు చూపించింది. "గీ వజ్రానికి కన్ను లేదు టీచరమ్మ. గిక్కడ పెట్టాలె" అంది.

"అద్దమా?" అంది అత్త. "నా లేసు మధ్యలోనా? తెల్లటి అన్నంలో రాయిలా ఉంటుందండీ."

నేను తండా అక్క సంచిలోంచి ఒక అద్దపు బిళ్ల తీసి ఆ ఖాళీలో పెట్టాను. కిటికీ ఎండ దాని మీద పడి మెరిసింది. అత్త వంగి లేసు అంచును వేలితో తడిమింది. తర్వాత, కుట్టేటప్పుడు లేసు పోగు తెగితే ఊరుకోనని మాత్రం అంది. అంటే ఒప్పుకున్నట్టే.

ఆ ఖాళీలో పట్టే చిన్న గుడ్డ ముక్క మీద అద్దం కుట్టాలి, ఆ ముక్కకు రెండు వైపుల లేసు, రెండు వైపుల గుడ్డ. లేసు వైపు కలపడం అత్తకే వచ్చు, గుడ్డ వైపు తండా అక్కకే వచ్చు. ఒక్కో అద్దానికి ఇద్దరూ ఎదురెదురుగా మోకాలికి మోకాలు తగిలేలా కూర్చోక తప్పలేదు. ఆ పూట, మర్నాడంతా అలాగే కూర్చున్నారు. కోడళ్లు, కూతుళ్లు ముక్కలు అందిస్తుంటే నేను అంచులు మడిచాను. మధ్యాహ్నం తండా అక్క జొన్నరొట్టెలో సగం తుంచి అత్త కంచంలో పెట్టడం, అత్త దాన్ని ఆవకాయతో తినడం నేను చూశాను. చూడనట్టు ఇంకో అంచు మడిచాను.

ఆఫీసరమ్మ చెప్పిన రోజున వచ్చింది. జాకెట్లు మళ్లీ చూసి తల ఊపింది. అప్పుడు మేం దుప్పటి తెచ్చి బల్ల మీద పరిచాం. ఆవిడ కుర్చీలోంచి లేచింది. ఒక్కో వజ్రం మీద వేలు తిప్పుతూ బల్ల చుట్టూ నడిచింది. అద్దాల్లో ఆవిడ చీర రంగు ముక్కలు ముక్కలుగా కదులుతోంది. ఇది ఏ పుస్తకంలోది అని అడిగింది. మన సంప్రదాయ డిజైను అని చెప్పమని గుమస్తా వెనక నుంచి సైగ చేస్తున్నాడు.

"ఏ పుస్తకంలోదీ కాదు మేడం" అన్నాను. "మెట్లు వాళ్ల నాయనమ్మలవి. చతురస్రం చేయబోయాం, రాలేదు. రానిదాన్ని తిప్పి కూర్చాం." బెంచీల సంగతీ, లెక్క సంగతీ అన్నీ చెప్పాను. గుమస్తా నుదురు కొట్టుకున్నాడు.

ఆవిడ నవ్వలేదు. దుప్పటి అంచు పట్టుకుని వెనక వైపు తిప్పి కుట్లు చూసింది. అప్పుడు అడిగింది. "ఇలాంటివి ఇంకా కావాలంటే? మళ్లీ ఇదే తప్పు చేయగలరా?"

తప్పు మళ్లీ అచ్చం అలాగే రావడమెలాగో నా శిక్షణలో ఎవరూ నేర్పలేదు. తండా అక్క ముందుకొచ్చింది. "చేస్తం మేడమ్. మేం లెక్కపెట్టుకుంట కుడితే గిదే వస్తది. టీచరమ్మ టేపు పట్టుకొని నడుమల రాకుంటే చాలు."

"అద్దాలు మాత్రం ఆవిడే కుట్టాలండీ" అంది అత్త. "ఇంకొకళ్ల చేతిని నా లేసు మీద పడనివ్వను."

అప్పుడు నవ్వింది ఆఫీసరమ్మ. దుప్పటిని హైదరాబాదులో ప్రదర్శనకు పెడతానని తనే మడిచి జీపులో పెట్టుకుంది. మిషన్ల గురించి ఆ రోజు ఏమీ చెప్పలేదు. కొన్ని వారాల తర్వాత కేంద్రం బాన్సువాడలోనే ఉంటుందని కబురొచ్చింది. ఆ కబురు గుమస్తాయే పరిగెత్తుకొచ్చి చెప్పాడు, పట్నం బస్సు మాట మళ్లీ ఎత్తలేదు. లోపల మిషన్లన్నీ ఒక్కసారిగా ఆగిపోయాయి. తర్వాత ఒక్క మిషను మొదలైంది. చూడకుండానే చెప్పాను అది ఎవరి కాలో.

హైస్కూలు లెక్కల సారు ఒకసారి చొక్కా కుట్టించుకోవడానికి వచ్చి మేం గోడకు తగిలించుకున్న నాలుగు ముక్కల నమూనా చూశాడు. లంబకోణ త్రిభుజం పాఠం చెప్పేటప్పుడు తను బోర్డు మీద గీసే బొమ్మ ఇదే అన్నాడు, వజ్రం లోపల చుట్టూ నాలుగు త్రిభుజాలు, మధ్యలో చిన్న చదరం. ఎప్పటి నుంచో ఉన్న బొమ్మేనట. ఉంటే ఉండనివ్వండి. మాకు మాత్రం ఆవకాయ జాడీ దగ్గర దొరికింది.

నేను అక్కడ ఎనభైల దాకా ఉండి బదిలీ మీద వెళ్లిపోయాను. తండా అక్క కూతురు సర్టిఫికెట్టు తెచ్చుకుంది, కొన్నాళ్లకు ఆ కేంద్రంలోనే టీచరుగా కూర్చుంది. ఒకసారి అటు వెళ్లినప్పుడు చూడబోయాను. ఆ నమూనానే నేర్పుతోంది. తెలివైన పిల్ల ఒకతి టేపు పెట్టి కొలిచి, ముక్క ఒక వైపు పొడుగొచ్చింది మేడమ్, విప్పి సరిచేయనా అని అడిగింది. నాకు నవ్వొచ్చింది గానీ ఆపుకున్నాను. మా టీచరు, అదే తండా అక్క కూతురు, ఆ పిల్ల చేతిలోంచి టేపు మెల్లగా తీసుకుని తన మెడలో వేసుకుని, ఆ ముక్కను తిప్పి పక్కదానికి ఆనించి, మధ్యలో మిగిలిన జాగాలో వేలు పెట్టింది. "గీ జాగా కోసమే కుట్టేది" అంది.